పట్టు కొట్టు గోడలో నాలుగు సబ్‌వూఫర్లు: పద్నాలుగు నెలల అనుభవం

మా ఇల్లు ఒడిశాలోని బరంపురంలో ఉంది. పట్టు నేసే కుటుంబాలున్న పాత వీధుల్లో ఇళ్ళు ఎలా ఉంటాయో మాదీ అలాగే ఉంటుంది. వీధి వైపు సన్నగా, లోపలికి పొడవుగా, రైలు పెట్టెల్లా ఒక గది వెనక మరో గదిగా పెరటి దాకా సాగుతుంది, రెండు పక్కలా పొరుగువారి గోడలే మా గోడలు. మూడో గదిలో నేను సంగీతం వింటాను. నాలుగో గదిలో మా తమ్ముడు పట్టు నూలు, నేసిన చీరల మూటలు పెడతాడు. ఈ రెండు గదుల నడిమి గోడలో కిందటేడాది లోతైన మంద్ర ధ్వనులు (బేస్) పలికే నాలుగు 15 అంగుళాల సబ్‌వూఫర్ డ్రైవర్లను, అంటే పెట్టె లేని విడి స్పీకర్లను, ఇన్ఫినిట్ బాఫిల్ పద్ధతిలో బిగించుకున్నాను. పద్నాలుగు నెలలు విన్న మీదట ఆ పద్ధతి గురించీ, డ్రైవర్ల గురించీ, విశాఖపట్నం నుంచి వచ్చి బిగించి వెళ్ళిన ఇద్దరి పనితనం గురించీ రాస్తున్నాను. ఆ ఇద్దరి పేర్లు రాయడం లేదు, ఎందుకంటే వారి పనిలో మెచ్చుకోవలసినవీ ఉన్నాయి, నొచ్చుకోవలసినవీ ఉన్నాయి, ఆ రెండో రకంలో కొన్నిటికి నా తొందర కూడా కారణం.

సబ్‌వూఫర్ కోను (ముందుకూ వెనక్కూ ఊగే గరాటు లాంటి భాగం) ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకనున్న గాలి పలచబడుతుంది. ఈ రెండు అలలూ కలిశాయంటే మంద్ర ధ్వనులు ఒకదాన్నొకటి మింగేస్తాయి. విడి డ్రైవరును చేత్తో పట్టుకుని వాయిస్తే బేస్ వినపడకపోవడానికి కారణం అదే. అందుకే మామూలు సబ్‌వూఫర్‌కు పెట్టె కడతారు. అయితే పెట్టె చిన్నదైన కొద్దీ లోపలి గాలి స్ప్రింగులా కోనును ఎదురు తోస్తుంది, దాంతో డ్రైవరు సహజంగా ఊగే పౌనఃపున్యం, అంటే దాని అనునాదం, పైకి జరిగి లోతైన బేస్ తగ్గుతుంది. 1954లో ఎడ్గర్ విల్చర్ ఏఆర్-1 స్పీకరుతో ఆ గాలి స్ప్రింగునే ఒక సుగుణంగా మలిచి చిన్న పెట్టెలకు దారి వేశాడు. ఇన్ఫినిట్ బాఫిల్ అంతకంటే పాత ఆలోచన, పూర్తిగా ఎదురు దారి. ఇందులో పెట్టె అంటూ ఉండదు. డ్రైవరును గోడకో, పైకప్పుకో బిగించి, వెనక అలను మరో పెద్ద గదిలోకి వదిలేస్తారు. ఆ గది ఎంత పెద్దదంటే అందులోని గాలి తనకు అడ్డు వస్తోందన్న సంగతి కోనుకు తెలియనే తెలియదు.

ఎంత పెద్దది కావాలో చెప్పడానికి ఒక లెక్క ఉంది. నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనే ఇంజనీర్ల పేర్ల మీద ప్రతి డ్రైవరుకూ ప్రకటించే కొలతల్లో వాస్ అనేది ఒకటి. కోనును పట్టి ఉంచే సస్పెన్షనుకు ఎంత బిగువు ఉందో అంతే బిగువు చూపగల గాలి పరిమాణం అది. వెనక గది ఘనపరిమాణం అన్ని డ్రైవర్ల వాస్ మొత్తానికి కనీసం 4 రెట్లు, వీలైతే 10 రెట్లు ఉండాలని ఈ పని చేసేవాళ్ళు పాటిస్తారు. మా సరుకు గది 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3.2 మీటర్ల ఎత్తు, అంటే 64,000 లీటర్లు. ఒక్కో డ్రైవరుకు 300 లీటర్ల వాస్ అనుకున్నా నాలుగింటికీ 1,200 లీటర్లు, దానికి 10 రెట్లు 12,000 లీటర్లు. మూటలు సగం గదిని ఆక్రమించినా మిగిలిన గాలి ఎక్కువే. నిజం చెప్పాలంటే, ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎన్నో ఏళ్ళుగా మా తాతగారి కొట్టు గది నా కోసమే కాచుకుని కూర్చున్నట్టు అనిపించింది.

డ్రైవర్లుగా డేటన్ ఆడియో వారి ఐబీ385 ఎంచుకున్నాను. 8 ఓమ్‌ల 15 అంగుళాల డ్రైవరు ఇది, పేరులోనే ఇన్ఫినిట్ బాఫిల్ ఉంది. ఈ పనికి ఏ డ్రైవరైనా సరిపోదని ముందే తెలుసుకోవడం మంచిది. పోర్టు పెట్టెల (గాలి పోయే గొట్టం ఉన్న పెట్టెల) కోసం చేసిన బలమైన అయస్కాంతాల డ్రైవర్లకు మొత్తం క్యూ విలువ (అనునాదం ఎంత తక్కువగా అణుగుతుందో చెప్పే అంకె) తక్కువగా, 0.3, 0.4 దగ్గర ఉంటుంది. పెట్టె సాయం లేని చోట అవి చాలా ముందుగానే నీరసించిపోతాయి. గోడకు బిగించేవాటికి ఆ విలువ 0.6, 0.7 దరిదాపుల్లో ఉండాలి, స్వేచ్ఛగా ఉన్నప్పుడు అనునాదం 20 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండాలి, కోను దూరం కదలగలగాలి. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఒకే ధ్వని తీవ్రతకు పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ కోను నాలుగు రెట్లు కదలాలి. 40 హెర్ట్జ్ దగ్గర 1 మిల్లీమీటరు కదిలిన కోను 20 దగ్గర 4 మిల్లీమీటర్లు కదలక తప్పదు. ఒక్క డ్రైవరుతో సరిపెట్టుకోకుండా నాలుగు పెట్టమని చెప్పేది ఇందుకే. నాలుగూ పంచుకుంటే ఒక్కొక్కటీ తక్కువ కదులుతుంది, తక్కువ కదిలినది శుభ్రంగా పలుకుతుంది. ఈ పద్నాలుగు నెలల్లో డ్రైవర్ల విషయంలో నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

బిగించేవాళ్ళ గురించి మొదట ఒక మంచి మాట. వాళ్ళు వచ్చిన రోజు నా గదినీ, నా స్పీకర్లనూ పలకరింపుగా చూసి, నేరుగా సరుకు గదిలోకి వెళ్ళి అక్కడే ఒక గంట గడిపారు. తలుపుల కింద సందులు వేళ్ళతో తడిమి చూశారు, గవాక్షాలు లెక్కపెట్టారు, చెదల జాడల కోసం దూలాలు తట్టి చూశారు. నడిమి గోడను కొత్తగా పగలగొట్టాలేమోనని నేను భయపడుతుంటే, గోడ మధ్యలో సున్నం రంగు కొద్దిగా తేడాగా ఉన్న చోట చేత్తో కొట్టి, "సార్, ఇక్కడ ఒకప్పుడు కిటికీ ఉండేది కదా?" అని అడిగారు. నిజమే, నా చిన్నతనంలో ఉండేది, తర్వాత ఇటుకలతో పూడ్చేశారు. పైన లింటెల్ అలాగే ఉంది. బరువు మోసే పదంగుళాల గోడలో కొత్త రంధ్రం కొట్టకుండా పాత కిటికీనే మళ్ళీ తెరిస్తే సరిపోయింది. ఆ ఒక్క చూపుతో ఇంటికి జరగగల పెద్ద నష్టం తప్పింది.

ఆ కిటికీలో కూర్చోబెట్టినది మానిఫోల్డ్ అనే అమరిక. నాలుగు డ్రైవర్లనూ గోడ మీద పరిచినట్టు బిగించకుండా, ఒక వైపు తెరిచి ఉన్న చెక్క డబ్బా చేసి, దాని ఎడమ పక్కకు రెండు, కుడి పక్కకు రెండు, కోనులు లోపలికి ఎదురెదురుగా చూసేట్టు, అయస్కాంతాలు బయటికి సరుకు గదిలోకి ఉండేట్టు బిగిస్తారు. తెరిచిన వైపు నా గదిలోకి చూస్తుంది. ఎదురెదురు కోనులు ఒకే సమయంలో లోపలికీ, ఒకే సమయంలో బయటికీ కదులుతాయి కనుక వాటి తాకిడి బలాలు ఒకదానికొకటి సరిపోయి, చెక్కకూ గోడకూ కుదుపు అందదు. పని చేసిన ఒడియా వడ్రంగి గీసిన పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆగ్యా, ఇది పెట్టె కాదు, పశువుల తొట్టి" అన్నాడు. అప్పటి నుంచీ మా ఇంట్లో దాని పేరు తొట్టి. మా ఆవిడ కూడా "తొట్టి మూసేశారా?" అనే అడుగుతుంది.

తొట్టి కొలతల దగ్గరే మొదటి పొరపాటు జరిగింది. వాళ్ళు తెచ్చిన పటంలో నా గదిలోకి తెరుచుకునే నోరు 22 సెంటీమీటర్ల వెడల్పు, 80 సెంటీమీటర్ల ఎత్తు ఉంది. అంటే 1,760 చదరపు సెంటీమీటర్లు. 15 అంగుళాల కోను ఒక్కొక్కటి సుమారు 830 చదరపు సెంటీమీటర్ల గాలిని తోస్తుంది, నాలుగూ కలిపి 3,300 పైమాటే. అంత గాలి సగం నోటిలోంచి వేగంగా దూరి రావాలంటే ఈల, ఊపిరి చప్పుడు, లోపల అనునాదాలు తప్పవు. ఇదే మాట అడిగితే "విశాఖలో అపార్ట్‌మెంట్లకు ఇలాగే చేశాం సార్, ఎవరూ ఏమీ అనలేదు" అన్నారు. నేను పట్టు వదల్లేదు. వెడల్పు 40 సెంటీమీటర్లకు పెంచి 3,200 చదరపు సెంటీమీటర్లు చేయించాను. కిటికీ వెడల్పుగా ఉండబట్టి సాధ్యమైంది గానీ, పటం గీసే ముందే ఈ లెక్క చూసుకోవడం డబ్బు తీసుకున్నవాళ్ళ బాధ్యత.

చెక్క విషయంలో మాత్రం వాళ్ళ మాట వినడం మంచిదైంది. నేను ఎండీఎఫ్ (చెక్క పీచును నొక్కి చేసే పలక) అడిగాను, ఎందుకంటే చదివిన చోటల్లా అదే రాసి ఉంది. గోపాల్‌పూర్ సముద్రం ఇంత దగ్గరలో పెట్టుకుని, ఆరు నెలలు గోడలు చెమర్చే ఊళ్ళో ఎండీఎఫ్ అంచులు బిస్కట్టులా ఉబ్బిపోతాయని వాళ్ళు ఒప్పుకోలేదు. ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణం గుర్తున్న 19 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్డును రెండు పొరలుగా అతికించి 38 మిల్లీమీటర్ల మందం తెచ్చారు. డ్రైవర్లను చెక్క స్క్రూలతో కాకుండా వెనక లోహపు నట్లు దిగ్గొట్టి బోల్టులతో బిగించారు. అయస్కాంతాల వైపు, సరుకు గదిలో, ఎలుకలు రబ్బరు అంచులు కొరకకుండా సన్న కన్నాల ఇనుప జాలీ కట్టారు. ఇది ఏ పటంలోనూ లేదు, మూటల మధ్య ఎలుక లద్దెలు చూసి వాళ్ళంతట వాళ్ళు చేసిన పని. ఇలాంటి చోట వాళ్ళకు నిండు మార్కులు.

ఇక ఆ సాయంత్రం సంగతి. తీగలన్నీ కలిపి, ఆంప్లిఫయరు మీట వేసి, 30 హెర్ట్జ్ ధ్వని పెట్టారు. నాలుగు కోనులూ కంటికి కనపడేంతగా ఊగుతున్నాయి. గదిలో మాత్రం బేస్ లేదు. చెవి దగ్గర పెట్టుకున్న గోడ గడియారం టిక్ టిక్ వినపడేంత నిశ్శబ్దం. అందులో పెద్దవాడు ఆంప్లిఫయరు ధ్వని పెంచాడు, ఇంకా పెంచాడు. నా చేతి కింద తొట్టి వణుకుతోంది. బలాలు సరిపోతే కుదుపు ఉండదని పొద్దున్న నాకు వాళ్ళే చెప్పారు, మరి ఇప్పుడు ఎందుకు వణుకుతోంది? ఆ ప్రశ్న నోట్లోంచి వస్తూండగానే చిన్నవాడు "అన్నా, ఆపు, ఆపు" అంటూ మీట కట్టేశాడు. ఆంప్లిఫయరు రెండు చానెళ్ళలో ఒకదానికి ఎరుపు, నలుపు తీగలు తారుమారయ్యాయి. ఎడమ జత లోపలికి తోస్తుంటే కుడి జత బయటికి లాగుతోంది, గాలి ఈ పక్క నుంచి ఆ పక్కకు పోతోందే తప్ప నా గదిలోకి రావడం లేదు, పైగా నాలుగు కోనులూ ఒకే దిక్కుకు ఊగుతుండటంతో చెక్క మొత్తం కుదుపు మోస్తోంది.

టార్చి లైటులో వేసే 1.5 వోల్టుల బ్యాటరీతో ఒక్కో డ్రైవరునూ పరీక్షించారు. బ్యాటరీ ధన ధ్రువం ఎర్ర తీగకు తాకించగానే కోను ముందుకు రావాలి. అటు కదిలిందా ఇటు కదిలిందా అని వేలి కొసతో చూస్తే తెలిసిపోతుంది. రెండు నిమిషాల పరీక్ష ఇది, మొదటే చేసి ఉండవలసింది. సరిచేశాక మళ్ళీ అదే ధ్వని పెట్టినప్పుడు నాకు వినపడింది అనడం కంటే, గదిలో గాలి బరువెక్కింది అనడం సరైన మాట. చిన్నవాడు తొట్టి మీద ఐదు రూపాయల బిళ్ళను అంచు మీద నిలువుగా నిలబెట్టాడు. కిటికీ రెక్కలు గడగడలాడుతున్నాయి, బిళ్ళ మాత్రం కదల్లేదు. నేను దాని వైపే చూస్తూ కూర్చున్నాను.

వెనక అల నా గదిలోకి తిరిగి దొంగచాటుగా రాకుండా చూడటం ఈ పద్ధతిలో అసలు పని, దానికి పట్టిన సమయం తొట్టికి పట్టినదాని కంటే ఎక్కువ. రెండు గదుల మధ్య తలుపు కింద ఒక అంగుళం సందు ఉంది. అంత చిన్న సందు ఏం చేస్తుందిలే అనుకున్నాను, కొలిచి చూస్తే 20 హెర్ట్జ్ కింద ధ్వని స్పష్టంగా జారిపోయింది. ఆ తలుపుకు నాలుగు పక్కలా రబ్బరు పట్టీ, కింద గడప కట్టించాను. సందులు పట్టుకోవడానికి వాళ్ళు చూపించిన ఉపాయం నాకు బాగా నచ్చింది. 10 హెర్ట్జ్ ధ్వని పెడతారు, అది చెవికి వినపడదు. అగరుబత్తి వెలిగించి తొట్టి అంచుల వెంబడీ, తలుపు చట్రం వెంబడీ మెల్లగా జరుపుతారు. పొగ తిన్నగా లేస్తున్నంత సేపూ ఫరవాలేదు, సందు ఉన్న చోట పొగ తీగ చేప పిల్లలా జలదరిస్తుంది. పాత కిటికీ చట్రం కింది మూలలో అలా రెండు చోట్ల పట్టుకున్నాం.

మా తమ్ముడి అభ్యంతరం ఇక్కడ మొదలైంది. సరుకు గదికి పైన రెండు గవాక్షాలున్నాయి, పెరటి వైపుకు తెరుచుకుంటాయి. వెనక అల పెరట్లోకి పోవడం ఇన్ఫినిట్ బాఫిల్‌కు తప్పేమీ కాదు, పెరటి అవతల మనుషులు లేకపోతే. మా పెరటి అవతల మరో ఇల్లు ఉంది. అందుకని గవాక్షాలు మూసేద్దామన్నారు. "అన్నయ్యా, నీ పాటలకు చీరలు ఊగితే ఊగనీ, గదిలో చెమ్మ చేరి పట్టు మీద ఒక్క మచ్చ పడిందా, నీ తొట్టి పీకించేస్తాను" అన్నాడు మావాడు. వాడి మాటలో న్యాయం ఉంది. మా బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది గానీ చెమ్మకు ఆ మర్యాద తెలియదు. చివరికి గవాక్షాలకు కీలు రెక్కలు పెట్టి, నేను వినే రెండు గంటలూ మూసి, మిగతా వేళల్లో తెరిచి ఉంచే ఒప్పందం కుదిరింది. మూటల వల్ల ఒక లాభం కూడా ఉంది. అవి వెనక గదిలో తిరుగాడే మధ్యస్థాయి ధ్వనుల్ని పీల్చుకుంటాయి. లోతైన బేస్‌ను మూటలు ఆపలేవు, ఆ భ్రమ ఎవరికీ వద్దు.

కొలతల దగ్గరకు వస్తే బిగించినవాళ్ళ పని నిరాశ కలిగించింది. ఫోనులోని యాప్ పెట్టి, ఒక్క చోట నిలబడి, "ఫ్లాట్‌గా వచ్చేసింది సార్" అన్నారు. ఫోను మైకు 20 హెర్ట్జ్ దగ్గర చెప్పేదాన్ని నమ్మడమంటే బంగారాన్ని కూరగాయల తక్కెడలో తూచడమే. వాళ్ళు వెళ్ళిన తర్వాత కొలతల కోసమే చేసిన యూమిక్-1 మైకు తెప్పించుకున్నాను. ప్రతి మైకుకూ దాని క్రమసంఖ్యను బట్టి విడిగా దిద్దుబాటు ఫైలు ఇస్తారు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నాలుగు ఆదివారాలు నేనే కొలిచాను. నా గది పొడవు 5.5 మీటర్లు. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అనుకుంటే పొడవు వెంబడి మొదటి అనునాదం సుమారు 31 హెర్ట్జ్ దగ్గర రావాలి. సరిగ్గా అక్కడే 11 డెసిబెల్‌ల గుట్ట లేచింది. తొట్టి పొట్టి గోడ మధ్యలో ఉంది కనుక 4 మీటర్ల వెడల్పుకు సంబంధించిన 43 హెర్ట్జ్ అనునాదం పెద్దగా రెచ్చిపోలేదు. పాత కిటికీ ఉన్న చోటే అలా కలిసి వచ్చింది, ఎవరి తెలివీ లేదు.

గుట్టను మినీడీఎస్‌పీ 2x4 హెచ్‌డీ అనే డీఎస్‌పీలో, అంటే ఒక్కో పౌనఃపున్యం దగ్గర ధ్వనిని పెంచి తగ్గించే డిజిటల్ పరికరంలో, తగ్గించడం తేలిక. గోతిని పూడ్చడం అలా కాదు. నా కుర్చీ దగ్గర 62 హెర్ట్జ్‌లో లోతైన గొయ్యి కనపడింది. మొదట డీఎస్‌పీలో అక్కడ 8 డెసిబెల్‌లు పెంచాను, కోనులు అలసిపోయాయి తప్ప గొయ్యి పూడలేదు. గది పొడవులో నాలుగింట మూడో వంతు దగ్గర, అంటే ముందు గోడ నుంచి 4.1 మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి పొడవు వెంబడి రెండో అనునాదం అసలు వినపడదని కొంత ఆలస్యంగా తట్టింది. నేను సరిగ్గా అక్కడే కూర్చుంటున్నాను. కుర్చీని రెండడుగులు ముందుకు జరిపితే పైసా ఖర్చు లేకుండా గొయ్యి చాలావరకు పోయింది. ఇప్పుడు నా కుర్చీ దగ్గర 16 నుంచి 80 హెర్ట్జ్ దాకా తేడా 4 డెసిబెల్‌లకు లోపు. 80 దగ్గర ముందు స్పీకర్లకు అప్పగించాను. ఇంతకు ముందు నా దగ్గరున్న పోర్టు పెట్టె సబ్‌వూఫరు 35 హెర్ట్జ్ కింద చేతులెత్తేసేది.

ఇంట్లో వస్తువుల గోల గురించి రాయకపోతే ఈ సమీక్ష అబద్ధమవుతుంది. 15 నుంచి 80 హెర్ట్జ్ దాకా మెల్లగా ఎక్కే ధ్వని పెట్టి ఇల్లంతా తిరిగాను. 24 దగ్గర ఉక్కు బీరువా తలుపు పలికింది, 34 దగ్గర మా నాయనమ్మ ఫొటో అద్దం, 41 దగ్గర ట్యూబులైటు పట్టీ. వంటింట్లో స్టీలు గ్లాసులు 52 దగ్గర ఒకదానికొకటి కబుర్లు చెప్పుకుంటున్నాయి. "ఏమండీ, దెయ్యం పట్టిందా ఇంటికి?" అని మా ఆవిడ అడిగిన రోజు అదే. బీరువాకు ఫెల్టు, ఫొటోల వెనక మైనం ముద్దలు, గ్లాసుల మధ్య బట్ట, ఇలా ఒక్కొక్కటీ నోరు మూయించడానికి రెండు నెలలు పట్టింది. డ్రైవరు కొనడానికి ముందే ఈ రెండు నెలల్ని ఖర్చులో వేసుకోవాలి.

ఆంప్లిఫయరుకు పెద్ద శక్తి అక్కర్లేదు. పెట్టెలోని గాలి స్ప్రింగు లేదు కనుక కొద్ది వాట్లకే కోను పూర్తి దూరం కదిలిపోతుంది. ఆంప్లిఫయరు మీద దురాశ పడితే కాయిల్ వెళ్ళి వెనక పలకకు కొట్టుకుంటుంది. అందుకే డీఎస్‌పీలో 12 హెర్ట్జ్ కింద కోత పెట్టుకున్నాను. స్టేజీ వాడకానికి చేసిన ఆంప్లిఫయరు తీసుకుని, జతకు రెండు డ్రైవర్లను సమాంతరంగా కలిపి, ఒక్కో చానెలుకు 4 ఓమ్‌ల భారం ఇచ్చాం. దాని ఫ్యాను చప్పుడు భరించలేనిది కనుక దాన్ని కూడా సరుకు గదిలోకే పంపించాను. కరెంటుతో మాత్రం జాగ్రత్త పడాలి. వేసవి గాలివానల రోజుల్లో కరెంటు పోయి, వచ్చి, మళ్ళీ పోతుంది; అలాంటి ఒక సాయంత్రం పై పరికరాల్లోంచి వచ్చిన ఒక్క కుదుపుకు నాలుగు కోనులూ ఒక్కసారి బయటికి దూకి, తుపాకి పేలినట్టు చప్పుడైంది. అదృష్టం కొద్దీ ఏమీ కాలేదు. కరెంటు తిరిగి వచ్చినా, మనం బొత్తాం నొక్కేదాకా ఆంప్లిఫయరుకు విద్యుత్తు ఇవ్వని కాంటాక్టరు ఒకటి మర్నాడే పెట్టించాను. బిగించేవాళ్ళు ఈ ఊసే ఎత్తలేదు.

ఇంతకీ వింటే ఎలా ఉంది? నేను వినేది ఎక్కువగా కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు. వాటిలో 40 హెర్ట్జ్ కింద సంగీతం దాదాపు ఉండదు. మృదంగం తొప్పి వైపు గుంకీ కూడా అంతకంటే పైనే ఉంటుంది. ఆ లెక్కన ఇంత ఖర్చు వృథా అని వాదించేవాళ్ళకు నేను గట్టిగా ఎదురు చెప్పలేను. కానీ కచేరీ రికార్డింగులలో ఇంతకు ముందు తెలియనిది ఒకటి వినపడుతోంది: కచేరీ జరిగిన చోటు. గాయకుడు తాళం వేస్తుంటే చెక్క వేదిక మెత్తగా కదలడం, హాలు బయట లారీ వెళ్ళిన జాడ, శ్రోతలు సర్దుకుని కూర్చునే ముందు ఆ పెద్ద గది ఊపిరి. మృదంగం పైకి ఎక్కువగా మోగదు, దాని వెనక ఒక నేల కనపడుతుంది. తొందరపడి ధ్వని పెంచుకున్న మొదటి నెలలో ఇదేదీ తెలియలేదు. సబ్‌వూఫరు స్థాయిని ఒకటి రెండు డెసిబెల్‌లు తగ్గించి, అది ఉందన్న సంగతి మరిచిపోయిన తర్వాతే తెలిసింది.

ఇంతకంటే లోతుకు దిగే సంగీతం కావాలంటే పియానోలో చివరి మెట్టు 27.5 హెర్ట్జ్, ఐదు తీగల బేస్ గిటారులో కింది తీగ 31కి కాస్త తక్కువ, చర్చి ఆర్గన్‌లో 32 అడుగుల గొట్టం 16. ఆర్గన్ రికార్డింగు పెట్టినప్పుడు ఆ చివరి గొట్టం చెవికి కాదు, పొట్టకు తెలుస్తుంది. సినిమాల్లో పేలుళ్ళు వాటంతట అవే వస్తాయి కనుక వాటి గురించి రాయను. నాకు మాత్రం రెండేళ్ళకోసారి జరిగే మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో మేడ మీద నుంచి నేను రికార్డు చేసుకున్న డప్పుల మోతే గీటురాయి. వీధిలో నిలబడితే ఆ దెబ్బ రొమ్ము మీద పడుతుంది. పెట్టె సబ్‌వూఫరులో అది దెబ్బగా కాక ఒక లాగుడుగా, దెబ్బ తర్వాత తోక ఉన్నట్టుగా వినపడేది. ఇప్పుడు దెబ్బ పడుతుంది, ఆగుతుంది. మా తమ్ముడు ఒక్క ఈ రికార్డింగు మాత్రం తలుపు దగ్గర నిలబడి పూర్తిగా విన్నాడు.

పొరుగువారి సంగతి వేరు. ఉమ్మడి గోడలున్న వీధిలో 30 హెర్ట్జ్‌ను ఏ ఇటుక గోడా ఆపదు. 20 హెర్ట్జ్ అల పొడవే 17 మీటర్లు, మా రెండు గదులు కలిపినా అంత లేవు. మొదటి వారంలో ఒక పొద్దున్న పక్కింటి బాబాయిగారు అరుగు మీద కూర్చుని "రాత్రి ఉరిమింది కదా నాయనా, వాన మాత్రం పడలేదు" అన్నారు. నేను నిజం చెప్పేశాను. అప్పటి నుంచి రాత్రి ఎనిమిదిన్నరకు తొట్టి నోటికి చెక్క తలుపు పడుతుంది, ఆంప్లిఫయరు ఆగిపోతుంది. మీ ఇంటికి నాలుగు వైపులా ఖాళీ ఉంటే ఈ ఇబ్బంది లేదు. అద్దె ఇళ్ళవాళ్ళు, అపార్ట్‌మెంట్లవాళ్ళు, వెనక గదికి తలుపులు సరిగ్గా మూయలేనివాళ్ళు దీని జోలికి పోకుండా ఒక మంచి మూసిన పెట్టె సబ్‌వూఫరు కొనుక్కోవడం మేలు.

డ్రైవర్లు, వాటి మీద సుంకం, ఆంప్లిఫయరు, డీఎస్‌పీ, ప్లైవుడ్డు, తలుపుల పని, కూలి అన్నీ కలిపి నాకు 2,40,000 రూపాయల దాకా అయింది. అందులో బిగించినవాళ్ళకు ఇచ్చింది 35,000. వాళ్ళకు చెక్కపనిలో, గది చూసే చూపులో ఐదుకు ఐదు ఇస్తాను. తీగల పనిలో, కొలతల్లో రెండుకు మించి ఇవ్వలేను. డీఎస్‌పీలో వాళ్ళు పెట్టిన విలువలు ఏ కాగితం మీదా రాసి ఇవ్వలేదు, ఫోను చేసి అడిగితే "గుర్తు లేదు సార్, మీకు బాగుంది కదా" అన్నారు. అయినా ఎవరైనా పాత ఇంటివాళ్ళు అడిగితే ఫోను నంబరు ఇస్తాను, మైకు మాత్రం మీరే కొనుక్కోండని కూడా చెబుతాను.

ఇప్పుడు మిగిలిన పని ఒక్కటే. గవాక్షాల కీలు రెక్కలు కిందటి వానలకు ఉబ్బి పూర్తిగా మూసుకోవడం లేదు, 18 హెర్ట్జ్ దగ్గర పెరటి వైపు అగరుబత్తి పొగ మళ్ళీ జలదరిస్తోంది. తొట్టి చేసిన ఒడియా వడ్రంగి వచ్చే ఆదివారం కొత్త రెక్కలు కొలిచి వెళ్తానన్నాడు. ఈసారి చెక్క కాకుండా అల్యూమినియం చట్రానికి రబ్బరు అంచు పెట్టమన్నాను, తమ్ముడు దానికి జాలీ కూడా కావాలన్నాడు.